జ్ఞానోదయ యుగాన్ని వెనక్కి చదివిన అనుభవం

సివిల్స్ మెయిన్స్‌లో చరిత్రను ఆప్షనల్‌గా తీసుకున్న తోటి అభ్యర్థుల కోసం, రెండో పేపరులోని జ్ఞానోదయ యుగంతో (17, 18 శతాబ్దాల ఐరోపాలో హేతువాద ఆలోచనలు వికసించిన కాలం) నేను పడిన తిప్పలను రాస్తున్నాను. మొదటి ప్రయత్నంలో ఆ కాలపు రాజకీయ తత్వవేత్తలైన లాక్, మాంటెస్క్యూ, రూసోలకు తలా ఒక పేజీ కేటాయించి, ఎవరేమన్నారో బట్టీ పట్టాను. ఒక మాక్ టెస్టులో "ఇంగ్లండులో రాజు రెండో జేమ్స్‌ను గద్దె దించిన 1688 విప్లవాన్ని సమర్థించడానికే లాక్ తన ప్రభుత్వ సిద్ధాంతాన్ని రాశాడు" అని ధీమాగా రాస్తే, దిద్దినవారు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, అందులో అధికభాగం విప్లవానికి ముందే రాసినదని పక్కన రాశారు.

విచారించి చూస్తే అది నిజమే. కాథలిక్ అయిన ఆ జేమ్స్‌ను, రాజు కాకముందే, సింహాసన వారసత్వం నుంచి తప్పించాలని 1679-81 మధ్య ఇంగ్లండు పార్లమెంటులో సాగిన పోరు, దాని తరువాతి పరిణామాల నడుమ పుట్టిన రచన, 1689లో అచ్చయింది. అప్పటినుంచి ప్రతి ఆలోచనకూ వెనుక ఏ తగాదా ఉందని వెతుక్కుంటూ వెనక్కి చదవసాగాను.

1628లో ఇంగ్లండు పార్లమెంటు రాజుకు సమర్పించిన హక్కుల విజ్ఞాపన దగ్గర ఆగితే, దాని రూపకర్తల్లో ముఖ్యుడైన న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ 1215 నాటి మాగ్నా కార్టాను (సామంతులు రాజుచేత ఒప్పించిన హక్కుల పత్రం) ఆధారంగా చూపడం కనిపించింది. దేశ చట్టం ప్రకారమో, సమస్థాయివారి తీర్పు ప్రకారమో తప్ప స్వతంత్రుణ్ణి నిర్బంధించరాదన్న 39వ నిబంధన నిజానికి సామంతులు తమ కోసం సాధించుకున్నదే. అర్ధబానిసలైన రైతులకు ఆ రక్షణ లేదు. నాలుగు శతాబ్దాల తరువాత న్యాయవాదులు దానికి విస్తృతార్థం కల్పించారు. మన రాజ్యాంగం 21వ అధికరణంలోని "చట్టం నిర్దేశించిన పద్ధతి" చదివేటప్పుడు ఈ నిబంధనను పక్కన పెట్టుకుంటే పాలిటీ పేపరుకూ పనికొస్తుంది.

ఇక 1649లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ శిరచ్ఛేదం, 1651లో తత్వవేత్త హాబ్స్ పుస్తకం 'లెవయథాన్' పక్కపక్కనే చూసినప్పుడు, అంతర్యుద్ధం చూసి బెదిరిన హాబ్స్, ప్రజల ఒప్పందం నుంచే పాలన పుడుతుందనే భావన నుంచే నిరంకుశాధికారాన్ని సమర్థించాడని అర్థమైంది. అదే భావన నుంచి లాక్ తిరుగుబాటు హక్కును రాబట్టాడు. ఈ పోలికకు ఒక రోజంతా కేటాయించినా నష్టం లేదు.

అధికారాలను విభజించాలన్న మాంటెస్క్యూ ఆలోచనకు రెండు మూలాలు గుర్తుంచుకోండి: కాన్సుళ్లు, సెనేట్, ప్రజాసభలు ఒకదాన్నొకటి అదుపు చేసే రోమన్ వ్యవస్థను క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ వర్ణించిన తీరు, 1729-31 మధ్య ఇంగ్లండులో మాంటెస్క్యూ స్వయంగా చూసిన పాలన. ఫ్రాన్సులోని బోర్డో న్యాయస్థానంలో వంశపారంపర్య పదవి అనుభవించిన ప్రభువుకు రాజాధికారానికి అడ్డుకట్టలు నచ్చడంలో వింతేమీ లేదని నా అభిప్రాయం. అప్పటికి ఫ్రాన్సులో ఎస్టేట్స్ జనరల్ (మతాధికారులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభ) 1614 తరువాత మళ్లీ సమావేశమే కాలేదు.

రూసోకు మాత్రం ఎక్కువ సమయం ఇవ్వలేదు. జెనీవా అనే చిన్న నగర గణతంత్రంలో పుట్టినవాడని రాసి, 1762 నాటి సామాజిక ఒడంబడికతో కలిపేశాను. రెండో ప్రయత్నంలో పాత నోట్సులోని ఆ మూడు పేజీలను తీసేసి, 1215 నుంచి 1762 వరకు ఒకే కాగితం మీద గీసిన కాలరేఖతోనే పునశ్చరణ చేశాను.