డీజిల్ పోస్తే మళ్లీ అదే బొగ్గు: టర్బో జెట్ ఇంజను పని ఎక్కడిదాకా వచ్చింది

టర్బోచార్జర్‌తో నేను చేస్తున్న జెట్ ఇంజనులో వేపరైజర్ గొట్టాలు, అంటే మంట వేడికి ఇంధనాన్ని ఆవిరి చేసే గొట్టాలు, మళ్లీ పూడుకుపోయినయ్. తెల్ల కిరోసిన్‌తో గంటసేపు నిలకడగా తిరిగే ఇంజను, డీజిల్ పోస్తే పావుగంట కూడా నిలుస్తలేదు. ఎల్పీజీతో అంటించడం, ఆయిల్ ప్రెషర్, బ్లోయర్ అన్నీ కుదిరినయ్. మిగిలింది ఇదొక్కటే.

డీజిల్ కోసం ఇంత పట్టు ఎందుకంటే, మిర్యాలగూడలో తెల్ల కిరోసిన్ దొరకడమే గగనం. విమానాలకు పోసే జెట్ ఏ-1 చిల్లరగా అమ్మరు. డీజిల్ అయితే ఏ బంకులోనైనా దొరుకుతది. కిలోకు వచ్చే వేడి కూడా దాదాపు సమానమే, 43 మెగాజౌళ్ల దగ్గర.

జరిగింది ఇదీ. గాలిని నొక్కే కంప్రెసర్ దగ్గర ప్రెషర్ 0.6 బార్, బయటికి పోయే పొగ (ఎగ్జాస్ట్) వేడి 570 డిగ్రీలు. కాసేపటికి ఎగ్జాస్ట్ 640కి, ఆ తర్వాత 700 దాటింది. ప్రెషర్ మాత్రం 0.45కు పడిపోయింది. టర్బైన్ మూతికి ఎడమ పక్క నారింజ రంగు తిరిగింది, కుడి పక్క నల్లగానే ఉంది. వెంటనే ఆపేసిన. విప్పి చూస్తే ఆరు గొట్టాల్లో రెండు వంపు దగ్గర పూడినయ్. 6.6 మిల్లీమీటర్ల రంధ్రంలో 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ కూడా దూరలేదు. అది వేలితో తుడిస్తే పోయే మసి కాదు, గీకితే గాజు పెంకులా రాలే బొగ్గు. ఆ రెండూ మూసుకుంటే వాటి వాటా డీజిల్ మిగతా నాలుగింటికి పోతది, ఆ పక్క మంట ముదురుతది.

ఈ బొగ్గు గంధకం వల్లనా? కాదు, ఇప్పుడు బంకుల్లో అమ్మే బీఎస్-6 డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు మించదు. ఇంధనంలో కలిపే ఆయిల్ వల్లనా? చిన్న మోడల్ ఇంజన్లలో బేరింగుల కోసం 5 శాతం దాకా కలుపుతరు. నా టర్బోకు ఆయిల్ లైన్ వేరే ఉంది, ఇంధనంలో చుక్క కలపను. ఇక మిగిలేది మరిగే తీరు. జెట్ ఏ-1 మొత్తం 300 డిగ్రీల లోపే ఆవిరైపోవాలి. డీజిల్‌కు 95 శాతం ఆవిరి కావడానికి 360 దాకా పరిమితి ఉంది. ఆ చివరి బరువు భాగం గొట్టం గోడకు అంటుకుని ఉడికి బొగ్గవుతుందని నా అంచనా. ఆపేముందు కాసేపు ఎల్పీజీ మీద తిప్పి గొట్టాలు ఖాళీ చేస్తే పెంకు సగానికి తగ్గింది గానీ పోలేదు. అంటే కొంత ఆపాక మిగిలిన వేడికి, కొంత నడుస్తుండగానే పడుతోంది. కిరోసిన్ 70, డీజిల్ 30 పాళ్లు కలిపితే పల్చటి పొరతో సరిపోయింది. గొట్టాలకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ వద్దు, 310 రకం తీసుకోండి. ధర ఎక్కువైనా వేడికి పొలుసు లేవదు.

లారీ షెడ్డు మేస్త్రీ మాత్రం "అన్నా, కాలిన ఆయిల్ పొయ్యరాదే, ఊరికే వస్తది" అంటడు. బండ్లలోంచి తీసేసిన ఆ పాత ఇంజన్ ఆయిల్‌లో జింకు, కాల్షియం ఉంటయ్, కాలితే బూడిదై బ్లేడ్లకు పడుతుంది. పెద్ద కరెంటు టర్బైన్లలో మడ్డి నూనె కాల్చేటప్పుడూ ఇదే బాధ. అందులోని వెనేడియం ఆక్సైడ్ 690 డిగ్రీల దగ్గర కరిగి బ్లేడ్ లోహాన్ని తింటది. అందుకే ఇంధనాన్ని కడిగి సోడియం తీసేస్తరు, మెగ్నీషియం కలుపుతరు.

ఇంకో మాట. ఇంధనం పైన ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడిని ఫ్లాష్ పాయింటు అంటరు. జెట్ ఏ-1కు దాని కనీస హద్దు 38 డిగ్రీలు, కిరోసిన్‌ది కూడా ఆ దగ్గరే. నల్గొండ జిల్లా మే ఎండ దాన్ని ఎప్పుడో దాటుతది, అప్పుడు డబ్బా మూతి దగ్గర ఆవిరి నిప్పురవ్వకే అంటుకోవచ్చు. డబ్బా నీడన పెట్టండి, ఇంజను తెల్లవారుజామునే తిప్పండి. పెట్రోల్ జోలికి అసలే పోవద్దు.

ఇగ గొట్టాలు పీకేసి, బాయిలర్ బర్నర్లకు వాడే, ఇంధనాన్ని సన్నటి తుంపరగా చిమ్మే ప్రెషర్ నాజిల్ పెడుతున్న. డాన్‌ఫాస్ కంపెనీది, 60 డిగ్రీల కోణంలో చిమ్మే నాజిల్ మీద మనసు పడింది. దానికి 7 నుంచి 10 బార్ ఇచ్చే గేర్ పంపు కావాలె, ఆటో స్పేర్స్ వాళ్లకు చెప్పి పెట్టిన. అది కుదిరితే తర్వాత ప్రయోగం మా రైసు మిల్లుల తవుడు నూనెతో. పచ్చిది పోస్తే నాజిల్ చిమ్మదు, చిక్కదనం డీజిల్‌కు పది రెట్లు. బయోడీజిల్ చేసి ముందు 20 శాతం కలిపి చూస్త.