లోపలి ప్యాడ్

చూపుడు వేలి కొసన బొబ్బ లేచింది. టైపు చేస్తుంటే అక్షరం అక్షరానికీ తగులుతోంది. తప్పు నాదే. శుక్రవారం విజయవాడ బెంజి సర్కిల్ నుంచి వస్తుంటే బండి దారంతా బరువుగానే లాగింది. సెల్లారులో ఇంజను ఆపి తోస్తే కదలదే! ముందు చక్రం దగ్గర కాలిన వాసన. బ్రేక్ డిస్క్ వేడెక్కిందేమోనని వేలు పెట్టి చూశాను. పెనం కాలిందో లేదో చూడాలంటే నాలుగు చుక్కలు నీళ్ళు చల్లుతారు గానీ ఎవరైనా వేలు పెడతారా అని మా ఆవిడ అప్పటి నుంచి అంటూనే ఉంది.

అయినా ఈ రాత్రి నన్ను కూర్చోబెట్టింది బొబ్బ కాదు. పక్కన పాత పేపరు మీద ఉన్న రెండు బ్రేక్ ప్యాడ్లు. పొద్దున విప్పినవి. ఒకదానికి అరుగుదల తెలిపే మధ్య గాడి ఇంకా లోతుగా ఉంది, మరో ఏడాది నడిచేది. చక్రం వైపుదానికి గాడే లేదు, రేకు మీద కాస్త పొర మిగిలింది. రెండూ ఒకే పెట్టెలోవి, ఒకే రోజు వేసినవి. ఉగాది ముందు.

నేను చూడక కాదు. నెలకోసారి వంగి చూస్తూనే ఉన్నాను. వంగితే కనబడేది బయటిది. "బోలెడుంది" అనుకుని లేచేవాణ్ణి.

వాటిని వేసిన మెకానిక్ షెడ్డు కుర్రాడి మీద పొద్దున్నుంచీ మండుతోంది. "కొత్త ప్యాడ్లు వేశా బాబాయ్, ఇక చూడక్కర్లా" అన్నాడు. ప్యాడ్లు వేశాడు నిజమే. ప్యాడ్లని పట్టుకుని డిస్క్‌కి బిగించేది కాలిపర్. అది జరిగే పిన్నులు రెండున్నాయి, వాటిని బయటికి లాగి చూశాడా? చూస్తే తెలిసేది. మా బండికి పిస్టన్లు బయటివైపే. లీవర్ నొక్కితే అవి బయటి ప్యాడ్‌ని డిస్క్‌కి ఆనిస్తాయి, ఆ తర్వాత కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి లోపలి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. లీవర్ వదిలితే పిస్టన్లు వాటి రబ్బరు సీళ్ళ బిగువుకి వెంట్రుకవాసి వెనక్కొస్తాయి. పిన్నులు తుప్పు పట్టి ఉంటే కాలిపర్ మాత్రం రాదు. లోపలి ప్యాడ్ రోజంతా డిస్క్‌ని రాస్తూనే ఉంటుంది. ఈ నాలుగు ముక్కలూ నాకు తెలుసు, రోజూ పది బళ్ళు విప్పే వాడికి తెలియవా? కూలి మాత్రం కాలిపర్ సర్వీసుతో కలిపి తీసుకున్నాడు.

పిన్నులు లాగడానికి అరగంట పట్టింది. ఒకటి తిప్పుతూ లాగితే వచ్చింది. రెండోదాని రబ్బరు తొడుగు చినిగి ఉంది. లోపల్నించి వచ్చింది గ్రీజు కాదు, నల్లటి మెత్తటి మట్టి. ఎండిపోయి ఉంది. వేళ్ళతో నలిపితే ఆ వాసన... సింగ్ నగర్‌లో ఉన్నవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు.

2024 సెప్టెంబరు 1, వరద వచ్చిన రోజు. అదీ ఆదివారమే. టీవీలో అందరం కృష్ణ లెక్కలే చూస్తున్నాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని లక్షలు, ఇంకెన్ని గేట్లు. మర్నాటికది 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది కూడా. మా ఇంటికి నీళ్ళు అటు నుంచి రాలేదు, బుడమేరు వాగు నుంచి వచ్చాయి. సెల్లారులోకి దిగేసరికి చక్రాలు సగం మునిగాయి. బండి పైకి తోద్దామని చెప్పులు విడిచి, పంట్లాం మడిచి, మళ్ళీ పైకెళ్ళి తాళం తెచ్చుకునేలోగా సీటు దాకా వచ్చేశాయి. తాళం నిన్న వేసుకున్న చొక్కా జేబులో ఉంది. ఆ చొక్కా వెతకడానికి పట్టిన రెండు నిమిషాలు మా ఆవిడ ఇప్పటికీ లెక్క చెబుతుంది. తర్వాత ఆరు రోజులు రెండో అంతస్తు వరండాలోంచి చూడటమే. డ్రోను తెచ్చిన పులిహోర పొట్లం మా డాబా మీద కాక పక్క డాబా మీద పడితే బుజ్జి ఏడ్చింది. నీళ్ళు తీశాక ఫైరింజన్లు వచ్చి వీధులు కడిగాయి. షెడ్ల ముందు బళ్ళ వరసలు. ఎవరి నోట విన్నా ఇంజన్ ఆయిలు, బ్యాటరీ, సైలెన్సరు. బ్రేకుల మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అక్కడే కుర్రాడి మీద కోపం కాస్త సడలింది. ఉగాది ముందు బండి ఇచ్చినప్పుడు "తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి, ప్యాడ్లు మార్చి పంపెయ్" అన్నది నేనే. వరదలో మునిగిన బండని చెప్పానా? చెప్పలేదు. మరి కాలిపర్ సర్వీసు డబ్బులెందుకు తీసుకున్నాడు? కోపం మళ్ళీ వచ్చింది. రేపు వెళ్ళి అడగాలా వద్దా తేలలేదు.

పని మాత్రం బాగానే అయింది. పిన్నులు ఎమెరీ పేపరుతో రుద్ది సిలికాన్ గ్రీజు పూశాను, మామూలు గ్రీజు అయితే రబ్బరు ఉబ్బుతుంది. కొత్త తొడుగులు, కొత్త ప్యాడ్లు. పిస్టన్లు శుభ్రంగా తుడిచాకే లోపలికి నొక్కాను. నొక్కితే పైన బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగి ట్యాంకు మీద కారింది. ఆ ఆయిల్ పెయింటు తినేస్తుంది. బుజ్జి చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది, పెయింటు బతికింది. చివర లీవర్ పట్టుకుంటే హ్యాండిల్ దాకా లూజుగా వచ్చేసింది, గుండె జారింది. పది పన్నెండు సార్లు కొడితే గానీ ప్యాడ్లు డిస్క్ దాకా రాలేదు. చక్రం ఎత్తి తిప్పితే గిర్రున తిరిగింది. బుజ్జి చప్పట్లు కొట్టింది.

"అన్నం తినే బల్ల మీద ఆ ముక్కలేంటండీ" అని లోపల్నించి మూడోసారి అరుపు. తీసేస్తాను. కానీ ఇందాక వరద గురించి రాస్తుంటే ఒకటి తట్టింది. వెనక చక్రానిది డ్రమ్ము బ్రేకు. అదీ ఆరు రోజులూ ఆ నీళ్ళలోనే ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ విప్పలేదు.