దివాణం లెక్కలు

మా అమ్మాయి ఇక్కడ కాలిఫోర్నియాలో ఏడో తరగతి చదువుతోంది. మొన్న హోంవర్కుకి ఇస్లాం రాజ్యం ఎలా పెరిగిందో చూపే ఒక మ్యాప్ ఇచ్చారు. 632లో ప్రవక్త ముహమ్మద్ మరణించేనాటికి చేతిలో ఉన్న నేలకి ముదురాకుపచ్చ, ఆయన తర్వాత పాలించిన మొదటి నలుగురు ఖలీఫాల కాలంలో, అంటే 661 లోపు, కలిసినదానికి కాస్త లేత రంగు, 750 వరకు ఉమయ్యద్ వంశపు ఖలీఫాలు గెలిచినదానికి ఇంకా లేత రంగు వెయ్యాలి. స్పెయిన్ నుంచి సింధ్ దాకా రుద్దేసరికి పెన్సిలు సగమైంది. "అమ్మా, హండ్రెడ్ ఇయర్స్‌లో అంతమంది ఎలా మారిపోయారు?" అంది.

నా చిన్నప్పుడు ఈ కథంతా నాకు ఒక మార్కు బిట్టు. ముహమ్మద్ బిన్ ఖాసిం, సింధ్, 712. అంతే. అందుకని ఆ రాత్రి దాని పక్కనే కూర్చుని నేనూ చదివాను.

గెలుపు తొందరగా వచ్చిన మాట నిజమే. బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం, పర్షియా 602 నుంచి 628 దాకా కొట్టుకుని కొట్టుకుని చతికిలపడి ఉన్నాయి. 636లో యార్మూక్ దగ్గర బైజాంటైన్ సైన్యం ఓడాక సిరియా నిలవలేదు. ఉమర్ ఖలీఫాగా ఉన్న పదేళ్లలోనే ఇరాక్, ఈజిప్టు కూడా చేతికొచ్చాయి. యుద్ధాలు కదా, పిల్లకి ఈ భాగం బాగా నచ్చింది. నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి.

సైనికుల్లో చాలామంది కూఫా, బస్రా, ఫుస్తాత్ లాంటి కొత్త దండు పట్టణాల్లో విడిగా ఉన్నారు. ఎవరికెంత జీతమో రాసుకునే పట్టీ పేరు దివాన్. పన్ను కట్టినంతకాలం జనం తమ చర్చికో, అగ్నిమందిరానికో వెళ్తూనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మతం మారడానికి తరాలు పట్టింది. ఇంకా విచిత్రం, పన్నుల లెక్కలు రాసే గుమాస్తాలు పాతవాళ్లే. డమాస్కస్‌లో గ్రీకులో రాసేవారు, ఇరాక్‌లో పర్షియన్‌లో. ఖలీఫా ఖజానా లెక్కలు చూసిన సర్జూన్ క్రైస్తవుడు. పర్షియా వైపు వెండి నాణేల మీద ఓడిపోయిన పాత పర్షియన్ వంశపు రాజు బొమ్మే ఉండేది, అంచున "బిస్మిల్లా" ఒక్కటే అరబిక్‌లో.

685లో ఖలీఫా అయిన అబ్ద్ అల్ మలిక్ లెక్కల్ని అరబిక్‌లోకి మార్పించాడు. బొమ్మల్లేని, అక్షరాలే ఉన్న బంగారు దీనారు వేయించాడు. ఆయన కొడుకు నాటికి ఈజిప్టు కచేరీల్లోనూ అరబిక్ వచ్చేసింది. ఇక గుమాస్తా పని కావాలంటే కొడుక్కి అరబిక్ నేర్పించాలి. నేర్పించారు. ఏ తండ్రైనా అదే చేస్తాడు. మేం చేసింది మాత్రం ఏమిటి?

పర్షియన్ భాష అరబిక్ లిపిని తీసుకుని మళ్లీ లేచింది. 1010 నాటికి ఫిర్దౌసీ ఆ భాషలో షానామా కావ్యం పూర్తిచేశాడు. ఈజిప్టువాళ్ల పాత భాష కోప్టిక్ మాత్రం ఇళ్లలోంచి నెమ్మదిగా జారిపోయి చర్చి ప్రార్థనల్లో మిగిలింది. ఆ ప్రార్థనల్ని కూడా చదవలేనివాళ్ల కోసం అరబిక్ అక్షరాల్లో రాసుకుంటారని చదివినప్పుడు నా చెయ్యి ఆగింది. మా ఫ్రిజ్ మీద అంటించి ఉన్న "శుక్లాంబరధరం" ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంది. అంటించింది నేనే.

పిల్లకి ఇదంతా చెబితే కాసేపు ఆలోచించి, "సో, వాళ్ల అమ్మలు కోప్టిక్‌లో అడిగితే పిల్లలు అరబిక్‌లో ఆన్సర్ చేసేవాళ్లా?" అంది. అడిగింది ఇంగ్లీషు కలిపే అయినా, నన్నే చూస్తూ నవ్వింది.

ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మ పొలం కౌలు బాకీ వసూలు కాలేదని గోల పెడుతోంది. నేను మధ్యలో దూరి, బాకీ, వసూలు, హక్కు, అసలు, ఇవన్నీ అరబిక్ నుంచి పర్షియన్, ఉర్దూల మీదుగా మనకొచ్చాయే అన్నాను. "ఊరుకోవే, అవి మన మాటలు" అని కొట్టిపారేసింది. అప్పుడు పిల్ల ఫోన్ లాక్కుని అడిగింది: "అమ్మమ్మా, మీ ఊళ్లో దివాన్ ఉందా?"

"దివానా? జమీందారు గారి దివాణం ఉండేదే. మా నాన్న అందులోనే లెక్కలు రాసేవాడు."