గద్ద తిరిగేదాకా ఆగిన పిల్లవాడు

నేను వరంగల్ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. నిజాం కాలంలో, 1930లో కట్టిన మామునూరు విమానాశ్రయం మాకు దూరమేమీ కాదు. 1981లో అక్కడ విమానాల రాకపోకలు ఆగిపోయాయి. పైలట్ అవుతామనే పిల్లలు మాత్రం ప్రతి ఏడూ ఉంటారు. ఆ మాట ఇంట్లో అనగానే పెద్దవాళ్లు ఖర్చు లెక్క వేస్తారు, ముచ్చట అక్కడితో ముగుస్తుంది. ఉద్యోగం సంగతి తర్వాత. పిల్లలకు ముందు గాలితో పరిచయం కావాలి.

అందుకే శనివారాలు థర్మోకోల్ పలకలతో గ్లైడర్లు, అంటే ఇంజను లేకుండా గాలిలో తేలిపోయే చిన్న విమానాలు, చేయిస్తున్నాను. నడుముకు చీపురుపుల్ల, ముక్కుకు బంకమట్టి. మొదటిసారి విసిరితే దాదాపు అన్నీ ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం నిలిచి, దబ్బున పడ్డాయి. పిల్లలు తోకను తప్పుపట్టారు. నేను జవాబు చెప్పలేదు. ఒక అమ్మాయి ముక్కుకు ఇంకాస్త మట్టి అద్ది విసిరింది. అది తిన్నగా సాగిపోయింది! గరిమనాభి, అంటే వస్తువు బరువంతా ఒక్కచోట ఉన్నట్టు తూగే బిందువు, గురించి నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఆ పిల్ల ముఖంలో అంత వెలుగు చూడలేదు. రెక్కల కొసలు కొద్దిగా పైకి వంచితే పక్కకు ఒరగదని కూడా వాళ్లే పట్టుకున్నారు.

తర్వాత టేపుతో కొలిచాం. మీటరున్నర ఎత్తు నుంచి మెల్లగా వదిలితే తొమ్మిది మీటర్లు పోయింది. అంటే ఒకటికి ఆరు. మనుషులు ఎక్కే మంచి గ్లైడర్లకు ఇది ఒకటికి నలభై దాకా ఉంటుంది. హన్మకొండ మీద కిలోమీటరు ఎత్తులో వదిలితే, గాలి ఎదురు రాకుంటే, ఇంజను లేకుండానే పరకాల చేరుతుందన్నమాట. ఆ లెక్క విని తరగతి కాసేపు నిశ్శబ్దమైపోయింది.

మన ఊరికి మరో వరం ఉంది, రాతిగుట్టలు. పొద్దెక్కేసరికి బండ వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది. పద్మాక్షి గుట్ట మీద గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ ఎక్కేది ఆ గాలి ఆసరాతోనే. జర్మనీలో ఒట్టో లిలియంతాల్ కొంగలను గమనించి గ్లైడర్లు చేశాడు, 1891 నుంచి వాటితో ఎగిరాడు. మాకు గద్దలున్నాయి.

పోయిన శనివారం అందరూ విసిరేశారు, ఒక పిల్లవాడు మాత్రం గ్లైడర్ పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎందుకురా ఆగావు అన్నాను.

"గద్ద ఇటు రానీయండి సార్. అది తిరిగే చోట వదులుతాను."