మాత్ర వేళకు, భోజనం అందరి తరువాత

నాకు మధుమేహం ఉన్నదని 2014లో తెలిసింది. అప్పటికి నా వయసు 43 సంవత్సరాలు. తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. మొదటి మూడేళ్లు ఈ వ్యాధిని ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నానని మనస్ఫూర్తిగా నమ్మాను. కాఫీలో చక్కెర మానేశాను, సంక్రాంతికి చేసిన అరిసెలు ముట్టలేదు, ఉదయం మాత్ర ఒక్క రోజు కూడా మరచిపోలేదు. నెలకొకసారి పరగడుపున రక్తపరీక్ష చేయించుకుంటే 120కీ 130కీ మధ్య వచ్చేది, దానితో తృప్తి పడేదాన్ని.

2017 వేసవిలో ఒక వైద్యురాలు హెచ్‌బీఏ1సీ పరీక్ష రాశారు. రక్తంలోని చక్కెర ఎర్రకణాలలో ఉండే హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుందనీ, ఆ కణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కనుక ఈ పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుందనీ ఆవిడ ఓపికగా వివరించారు. మధుమేహం ఉన్న చాలామందికి అది 7 శాతం కంటే తక్కువ ఉండాలి. నాకు 8.4 వచ్చింది. అంటే రోజు మొత్తం మీద నా చక్కెర సగటున 190 దాటి ఉంటున్నదన్నమాట. పరగడుపున 125 ఉన్న మనిషికి ఇది ఎలా సాధ్యమని అడిగితే, "మీరు తెల్లవారుజామున మాత్రమే చూసుకుంటున్నారమ్మా, పగలంతా ఏం జరుగుతున్నదో చూడడం లేదు" అన్నారు. గ్లూకోమీటర్ కొనుక్కోమని, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు పరీక్షించుకుని, ఏమి తిన్నానో, ఎన్ని గంటలకు తిన్నానో కూడా రాయమన్నారు. స్ట్రిప్పులు ఖరీదైనవే కనుక రోజూ కాకుండా వారానికి మూడు రోజులు, ఒకసారి టిఫిను తరువాత, ఒకసారి మధ్యాహ్న భోజనం తరువాత, ఒకసారి రాత్రి భోజనం తరువాత చూసుకుంటే సరిపోతుందన్నారు.

పిల్లలు వాడగా మిగిలిన ఒక రూళ్ల పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి ఆ పుస్తకం నాకు తెలియని నా ఇంటిని నాకు చూపించింది. బడి ఉన్న రోజు ఒంటిగంటకు డబ్బా విప్పి అన్నం, పప్పు, బెండకాయ కూర తింటే రెండు గంటల తరువాత 170 వచ్చేది. ఆదివారం అదే అన్నం, అదే పప్పు తింటే 260 వచ్చింది. మొదట మీటరు చెడిపోయిందనుకున్నాను. తరువాత వేళలు రాసుకున్న గడి చూశాను. ఆదివారం మా ఇంట్లో భోజనాలు ఒంటిగంటకు మొదలవుతాయి. మావారు, పిల్లలు, వచ్చిన చుట్టాలు తిన్న తరువాత గిన్నెలు సర్దుకుని నేను కంచం ముందు కూర్చునేసరికి మూడు కావస్తుంది. ఉదయం వేసుకున్న మాత్ర తన పని తాను చేసుకుపోతుంటుంది కనుక, ఆ ఆకలికి తాళలేక వంటింట్లో నిలబడే రెండు జంతికలు, కూర రుచి చూసే వంకతో ఒక ముద్ద అన్నం నోట్లో వేసుకుంటాను. కూర్చున్నాక ఎంత పెట్టుకుంటున్నానో చూసుకోను. ఆ తరువాత పిల్లలు కంచాలలో వదిలేసిన పెరుగన్నం పారేయడానికి మనసొప్పక అదీ తినేస్తాను. ఇవేవీ నా లెక్కలోకి ఎన్నడూ రాలేదు, ఎందుకంటే వాటిని నేను భోజనం అనుకోలేదు.

మధుమేహులకు ఇచ్చే ఆహార పట్టికలు ఏమి తినాలో, ఎంత తినాలో చక్కగా చెబుతాయి. అందులో ఎనిమిదింటికి అల్పాహారం, ఒంటిగంటకు భోజనం అని వేళలూ ఉంటాయి. అయితే తన భోజన వేళ తన చేతిలో లేని మనిషి ఆ పట్టికను ఎలా పాటించాలన్నది మాత్రం అందులో ఉండదు. మన ఇళ్లలో అందరికీ వడ్డించి చివరన తినే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు, వారిలో మధుమేహం ఉన్నవారూ ఎందరో ఉన్నారు. నేను ఇంతగా రాయడానికి కారణం అదే.

ఆ సంవత్సరం కార్తీకంలో జరిగినది చెప్పాలి. సోమవారం ఉపవాసం ఉండి, చుక్క చూసి తినడం నాకు పెళ్లికి ముందు నుంచీ అలవాటు. ఆ రోజు మాత్ర మానకూడదన్న భక్తితో ఉదయం మాత్ర వేసుకున్నాను, అన్నం మాత్రం తినలేదు. నేను వేసుకునే మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంటుంది. అది క్లోమాన్ని ప్రేరేపించి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మనం తిన్నామా లేదా అన్నది దానికి తెలియదు. సాయంత్రం శివాలయంలో ఒత్తులు నూనెలో తడుపుతుంటే చేతులు వణికాయి, వీపంతా చెమట పట్టింది, పక్కన ఉన్నవారు మాట్లాడుతుంటే మాటలు దూరం నుంచి వినిపించాయి. ఉపవాసపు నీరసమనుకుని ఒకావిడ ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చారు. ఆవిడ మంచి మనసుతోనే ఇచ్చారు, కానీ ఆ క్షణంలో నాకు కావలసినది చక్కెర. నాకు షుగర్ ఉందని ఎలాగో చెప్పగలిగాను. పూజారిగారు వెంటనే నైవేద్యానికి తెచ్చిన పటికబెల్లం చేతిలో పెట్టారు. నమిలి మింగిన పావుగంటకు చూపు నిలిచింది.

చక్కెర 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు గాని, మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు గాని తీసుకుని, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. ఆ సమయంలో నేతి లడ్డూ, చాక్లెట్ వంటివి అంతగా పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెర రక్తంలో కలవడాన్ని ఆలస్యం చేస్తుంది. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తేరుకున్నాక తప్పనిసరిగా భోజనం చేయాలి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ ప్రభావం గంటా రెండు గంటలతో పోదు. ఆ రాత్రి నేను చుక్క చూడకుండానే పెరుగన్నం తిన్నాను.

విషయం తెలిసి మా అత్తయ్యగారు నన్నేమీ అనలేదు. అప్పటికి ఆవిడకు 78 ఏళ్లు, తన జీవితమంతా అందరి తరువాతే తిన్న మనిషి. మరుసటి ఆదివారం ఒంటిగంటకు నేను పప్పు గిన్నెతో వంటింట్లోంచి వస్తుంటే, నా కంచం వేసి ఉంచి, "మందు వేసుకున్నావుగా, ముందు నువ్వు తినమ్మాయ్, వాళ్లు వడ్డించుకుంటారు" అన్నారు. మావారు ఒక్క క్షణం తెల్లబోయి, గరిటె అందుకున్నారు. నా వైద్యంలో ఏ మాత్ర చేసిన మేలూ దీనికి సాటి రాదని నేను గట్టిగా నమ్ముతాను.

వేళ కుదిరిన తరువాత మిగిలినవి ఒక్కొక్కటే కుదిరాయి. మాకు పక్కనే ఉన్న బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అంటే 1986లో విడుదలైన బీపీటీ 5204, మా ఇంటి అన్నం, దాన్ని మానలేదు. ముందు కూర, పప్పు సగం తిని, తరువాత రెండు గరిటెల అన్నం కలుపుకుంటాను. అదే ఆహారాన్ని ఈ వరుసలో తింటేనే నా పుస్తకంలో అంకెలు తగ్గాయి. కొర్రన్నం మంచిదని విని కంచం నిండా తిన్న రోజు 230 వచ్చింది కనుక ధాన్యం మారినా కొలత మారకూడదని తెలుసుకున్నాను. పల్చటి రాగిజావ నన్ను మరింత ఆశ్చర్యపరిచింది. మెత్తని పిండి బాగా ఉడికి, తాగే రూపంలో ఉంటుంది కనుక త్వరగా జీర్ణమై చక్కెరను వేగంగా పెంచుతుంది. ఇప్పుడు ఉదయం ఎక్కువగా పెసరట్టు తింటాను. భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు మేడ మీద నడుస్తాను, కదిలే కండరాలు రక్తంలోని చక్కెరను తీసుకుంటాయి.

ఏడాదికొకసారి కంటి రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడితే బీ12 విటమిన్ తగ్గవచ్చు కనుక ఆ పరీక్షా చేయించుకుంటాను. పాదాలను మాత్రం రోజూ రాత్రి అద్దం పెట్టి చూసుకుంటాను. మా వీధిలో ఒక పెద్దావిడ మే నెల ఎండలో గుడి ప్రదక్షిణలు చేసి వచ్చారు. అరికాళ్లు బొబ్బలెక్కినా, స్పర్శ తగ్గిపోవడం వల్ల ఇంటికి చేరేదాకా ఆవిడకు తెలియలేదు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. వేసవిలో నేను గుడికి తెల్లవారుజామునే వెళతాను, ఆలస్యమైతే నూలు మేజోళ్లు వేసుకుని ప్రదక్షిణ చేస్తాను.

కార్తీక సోమవారాలు మానలేదు. నెల మొదలయ్యే ముందే వైద్యురాలిని కలిసి ఆ రోజులకు మాత్ర ఎలా మార్చుకోవాలో రాయించుకుంటాను, మధ్యాహ్నం ఒంటిపూట భోజనం చేసి సాయంత్రం దీపం పెడతాను, గ్లూకోజు పొట్లం చేతిసంచిలో ఉంచుకుంటాను.

అత్తయ్యగారు నాలుగేళ్ల క్రితం కాలం చేశారు. మొన్న ఆదివారం ఇంటినిండా చుట్టాలు ఉన్నారు. ఒంటిగంటకు మా అబ్బాయి నా కంచం వేశాడు. మూడు గంటలకు పుస్తకంలో 148 అని రాసుకున్నాను.