1:87 స్కేల్లో డబ్ల్యూపీ ఇంజన్ కప్లింగ్ రాడ్లు: చిన్న సీఎన్సీ మిల్లు మీద నా అనుభవం

మన రైల్వేలో ప్యాసింజర్ రైళ్లు లాగిన డబ్ల్యూపీ స్టీమ్ ఇంజన్ పెద్ద చక్రం వ్యాసం 1705 మిల్లీమీటర్లు. 1:87లో, అంటే అసలులో 87వ వంతు మోడల్లో, అది 19.6 అవుతుంది. అలాంటి మూడు చక్రాలను కలిపే కప్లింగ్ రాడ్‌ని సీఎన్సీ మిల్లు (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మీద తీయడానికి నేను పెట్టుకున్న కొలతలు ఇవి, అన్నీ మిల్లీమీటర్లలో: నడుమ వెడల్పు 1.4, మందం 0.9, మధ్యలో గాడి వెడల్పు 0.8, లోతు 0.3. పిన్ను పట్టే గుండ్రటి తలలు 2.6, వాటిలో 1.5 రంధ్రం. తలలు నడుము కంటే 0.2 ఎత్తుగా ఉండాలి. ఆ మెట్టు లేకపోతే రాడ్డు రేకుముక్కలా కనిపిస్తుంది.

లోహం జర్మన్ సిల్వర్. పేరంటాల్లో పంచే గిన్నెల మీద ఈ పేరు వింటాం. ఇందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు మాత్రమే. ఉక్కు రంగుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి రంగు వేయాల్సిన పని లేదు. బజార్లో దొరికే మామూలు ఇత్తడి రేకు కంటే ఇదే నయం. ఆ రేకు మెత్తగా సాగి అంచుల్లో ముళ్లు లేపుతుంది. సీసం కలిసిన ఇత్తడి పట్టీ దొరికితే అది అన్నిటికంటే సులువుగా తెగుతుంది.

బిగింపు దగ్గరే సగం పని ఉంది. 1.2 మందం రేకును వైస్‌లో పడితే విల్లులా వంగుతుంది. నేను 6 మిల్లీమీటర్ల హైలం షీటును (బేకలైట్ లాంటి గట్టి పలక) టేబుల్‌కి స్క్రూలతో బిగించి, పైభాగాన్ని అదే మిల్లుతో చదును చేస్తాను. ఆ తర్వాత పని పూర్తయ్యేదాకా దాన్ని కదపను. హైలం పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కూ వాక్యూమూ తప్పనిసరి. రేకు అడుగుభాగాన్ని 400 నంబర్ కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, పలచటి సూపర్ గ్లూతో అంటించి, బరువు పెట్టి రెండు గంటలు వదిలేస్తాను. మాస్కింగ్ టేపు మధ్యలో పెట్టి అంటించే పద్ధతి పెద్ద ముక్కలకు బాగుంటుంది. ఇక్కడ మాత్రం టేపు మెత్తదనమే 0.02 వరకు తేడా తెచ్చింది. తరవాత పైనుంచి 0.1 తీసి 1.1కి తెస్తే ఉపరితలం మెషిన్‌కి సమాంతరమవుతుంది.

జడ్ సున్నా, అంటే కట్టర్ మొన రేకు పైభాగాన్ని తాకే ఎత్తు, పట్టడానికి మధ్యలో కాగితం పెట్టి చూసే పద్ధతి పనికిరాదు. కాగితం మందమే 0.1 దాకా ఉంటుంది, మన గాడి లోతు 0.3. రేకు మీద మార్కర్ పూసి, స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) తిరుగుతుండగా 0.005 చొప్పున దింపుతూ, సిరా గీరుకున్న చోట సున్నా పెట్టాలి. అంతకుముందు స్పిండిల్‌ని ఇరవై నిమిషాలు ఖాళీగా తిప్పి వేడెక్కనివ్వాలి. చల్లటి స్పిండిల్‌తో సున్నా పట్టుకుంటే, వేడికి అది సాగినకొద్దీ గాడి లోతు పెరుగుతూ పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం రంధ్రాల మధ్య దూరం. నా మిల్లులో టేబుల్‌ని జరిపే స్క్రూల్లో 0.03 ప్లే (వదులు) ఉంది. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని సరిచేయొచ్చు గానీ, కట్టర్ టేబుల్‌ని లాగినప్పుడు ఆ సవరణ ఏమీ ఆపలేదు. అందుకే రంధ్రాలను కట్టర్‌తో గుండ్రంగా తిప్పి తీయను, అలా తీస్తే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. ప్రతి రంధ్రానికీ ముందు ఎడమకు అర మిల్లీమీటరు దాటి వెళ్లి, కుడివైపు జరుగుతూ చేరతాను. ముందు చోటు గుర్తుపెట్టే స్పాట్ డ్రిల్, తర్వాత 0.2 చొప్పున కొరుకుతూ 1.4 డ్రిల్, చివర చేత్తో రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చే 1.5 రీమర్. మిల్లుని నడిపే జీఆర్‌బీఎల్ కంట్రోలర్‌కి ఇలా కొరుకుతూ డ్రిల్ చేసే జీ83 ఆదేశం తెలియదు. డ్రాయింగు నుంచి మిల్లు ఆదేశాలు రాసే సాఫ్ట్‌వేర్ (క్యామ్ పోస్ట్ ప్రాసెసర్) దాన్ని మామూలు కదలికలుగా విప్పి రాసేలా చూసుకోవాలి.

చాసిస్ (ఇంజన్ చట్రం) పక్కపలకల్లో ఇరుసు రంధ్రాలు కూడా ఇదే రోజు, ఇదే కోఆర్డినేట్లతో, స్క్రూ మీద అదే భాగం వాడుతూ, అదే దిక్కునుంచి చేరి వేయాలి. స్క్రూ పిచ్‌లో తప్పుంటే రెంటిలోనూ అదే తప్పు వస్తుంది, రాడ్డూ ఇరుసులూ ఒకదానికొకటి సరిపోతాయి. పిన్ను 1.45 కాబట్టి మనకున్న సందు 0.05 మాత్రమే. విడివిడిగా వేసినప్పుడు తేడా అంతకు మించింది, చక్రం చుట్టుకి రెండుసార్లు పట్టేసింది. రంధ్రాన్ని పెద్దది చేస్తే పట్టేయడం తగ్గుతుంది గానీ రాడ్లు వదులై గలగలలాడతాయి. నాకది ఒప్పుకోబుద్ధి కాదు.

రంధ్రాల తర్వాత 1.0 కట్టర్‌తో నడుమును 0.2 దింపి, 0.5 కట్టర్‌తో గాడి. రెండు పళ్ల కార్బైడ్, 20,000 ఆర్‌పీఎం, పంటికి 0.004, అంటే నిమిషానికి 160 మిల్లీమీటర్లు. లోతు పొరకు 0.05, ఆరు పొరలు. కట్టర్లు విరిగేది ఎక్కువగా వేగం వల్ల కాదు, ఊగడం వల్ల. కట్టర్ 0.02 ఊగితే రెండు పళ్లూ పంచుకోవలసిన 0.008 మొత్తం ఒక్క పంటి మీదే పడుతుంది. కాలెట్ (కట్టర్‌ని పట్టే బిగింపు) శుభ్రం చేసి, ఊగడం కొలిచే లివర్ డయల్ పెట్టి, కట్టర్‌ని కాలెట్‌లో కాస్త కాస్త తిప్పి మళ్లీ బిగిస్తూ 0.005 లోపుకు తేవాలి. ఓపిక పట్టాల్సిన పనే, అయినా ఒక్కో కట్టర్ ధర తలుచుకుంటే తప్పదు.

రెండో శత్రువు రజను. గాడిలో మిగిలిన రజనును కట్టర్ మళ్లీ నమిలిందంటే విరగడమే. ఎయిర్‌బ్రష్ కంప్రెసర్ గొట్టాన్ని కట్టర్ మొనకు గురిపెట్టి వదిలేస్తే చాలు. జర్మన్ సిల్వర్‌కి పొరకో చుక్క పలచటి మిషన్ ఆయిల్ కూడా వేస్తాను, లేకపోతే పళ్లకు అంటుకుంటుంది. ప్లే ఉన్న మిల్లులో క్లైంబ్ కోత (కట్టర్ పళ్లు తిరిగే దిక్కుకే రేకు జరుగుతూ తెగడం) వద్దు, కట్టర్ టేబుల్‌ని తనవైపు లాక్కుంటుంది. మూలల్లో గీత గుండ్రబడుతుంటే జీఆర్‌బీఎల్‌లో మూలల వేగాన్ని నిర్ణయించే $11 విలువను 0.010 నుంచి 0.005కి తగ్గించండి. అక్కడ వేగం తగ్గి గీత సరిగ్గా వస్తుంది.

బయటి అంచు చివర. పూర్తిగా తెంపకుండా అడుగున 0.05 పొర వదిలేస్తాను. తెంపితే జిగురు ఎంత గట్టిదైనా సన్నటి నడుము అదిరి, తల దగ్గర అంచు మీద అక్కర్లేని మెట్టు పడుతుంది. హైలం పలకను విప్పి అసిటోన్‌లో ఒక రాత్రి ఉంచితే రేకు ఊడివస్తుంది. గాజు మీద 800 నంబర్ కాగితం పరిచి అడుగు రుద్దితే పొర అరిగి రాడ్డు విడిపోతుంది. వేలితో నొక్కి రుద్దకండి, వంగుతుంది. చిన్న చెక్కముక్కకు డబుల్ టేపుతో అంటించి రుద్దండి. గాడిలోని ముళ్లకు టూత్‌పిక్ మొనకు మెటల్ పాలిష్ అద్ది లాగితే సరిపోతుంది. ఫైలు (ఆకురాయి) పెడితే తలల మెట్టు పోతుంది.