మధ్యలో ఖాళీగా వదిలిన జవాబు

మా పెద్దపాప కన్ఫర్మేషన్ తీసుకోనని చెప్పేసింది. పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్లు పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని తమ నోటితోనే బిషప్ ముందు ఒప్పుకునే ఆరాధన అది. దేవుడు లేడని కాదు, చర్చికి రానని కూడా కాదు. ఇక్కడి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఆరాధన క్రమంలో బిషప్ గారు అడిగే ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేనంది. క్రీస్తును రక్షకుడిగా నమ్మి ఆయన వైపు తిరుగుతున్నావా, ప్రభువుగా ఒప్పుకుని ఆయనకు లోబడుతున్నావా, మార్గమూ సత్యమూ జీవమూ అయిన క్రీస్తు దగ్గరికి వస్తున్నావా అని వరసగా మూడు ప్రశ్నలుంటాయి. క్లాసులో ఇచ్చిన కాగితం మీద మొదటిదానికీ చివరిదానికీ పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంది. మధ్యదాని పక్కన ఏదో రాసి చెరిపేసిన మరక తప్ప ఏమీ లేదు.

"లోబడుతున్నా అంటే మొత్తం లోబడాలి కదమ్మా. నాలో సగమే రెడీగా ఉంది. మిగతా సగానికి ఇంకా చాలా డౌట్స్ ఉన్నాయి. అందరి ముందు నిలబడి అబద్ధం ఎట్లా చెప్పేది?"

నాకు వెంటనే కోపం వచ్చింది. ఆ వెనకే భయం. పసిబిడ్డగా జమ్మలమడుగులో దానికి బాప్తిస్మం ఇప్పించినప్పుడు ఒడిలో పెట్టుకుని దాని బదులు మేమే జవాబులు చెప్పాం. ఇప్పుడు తన నోటితో తను చెప్పాల్సిన వయసు వచ్చింది. చెప్పనంటోంది. జమ్మలమడుగులో నా వంతు వచ్చినప్పుడు మా బ్యాచ్‌లో ఎవరమూ ఇలా ఆగి ఆలోచించలేదు. తెల్ల ఓణీలు వేసుకుని వరసలో మోకరించాం, బిషప్ అయ్యగారు తల మీద చేతులుంచారు, అయిపోయింది.

మా అమ్మతో ఫోన్లో చెప్పుకున్నాను. క్యాంబెల్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. లండన్ మిషన్ వాళ్లు పెట్టిన ఆసుపత్రి అది, మా ఇంట్లో విశ్వాసమూ ఆ మిషన్ ద్వారా వచ్చిందే. ఉజ్జీవ కూటాల్లో "ఎవరు సమర్పించుకుంటారు?" అని అడిగితే మొదట లేచే చెయ్యి ఆమెది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "ఇచ్చేటప్పుడు మొత్తం ఇయ్యల్ల గదమ్మా. సగం దాచుకోని సగం ఇస్తే బైబిల్లో పొలం అమ్మిన ఆ మొగుడూపెండ్లాలు అననీయ, సప్పీరా మాదిరి అయితాది. పాపకు చెప్పు" అంది.

చెప్పాలనే అపొస్తలుల కార్యములు ఐదో అధ్యాయం తీశాను. చదివేకొద్దీ అది పాపకు చెప్పాల్సిన కథ కాదేమో అనిపించింది. పొలం అమ్మకముందు మీదే కదా, అమ్మాక ఆ డబ్బూ మీ చేతిలోదే కదా అని పేతురు అంటాడు. సగం ఉంచుకున్నందుకు కాదు ఆయన తప్పుపట్టింది. సగం తెచ్చి పెట్టి ఇదే మొత్తం అన్నందుకు. నా బిడ్డ సగాన్ని సగమనే చెబుతోంది. ఆ కథలో దానికి చోటు లేదు. నాకు ఉంది. "ప్రభువా, పాప నీది, నీ చిత్తం" అని రోజూ రాత్రి దాని తల మీద చెయ్యి వేసి ప్రార్థిస్తాను. తెల్లారితే, ఇక్కడి ఇంటర్ లాంటి 'ఎ-లెవెల్స్'లో కెమిస్ట్రీ వద్దంటే ఇంట్లో యుద్ధం చేస్తాను. మెడిసిన్ చదవాలన్నది నా చిత్తం. దాన్ని దేవుడి చిత్తం పక్కన పెట్టి రెండూ ఒకటే అన్నట్టు ఇన్నాళ్లూ ప్రార్థిస్తూ వచ్చాను.

తొలి శతాబ్దాల క్రైస్తవ గురువు అగస్టీను తల్లి మోనికా సంగతి అందుకే పదేపదే గుర్తొస్తోంది. కొడుకు క్రీస్తు దగ్గరికి రావాలని ఏళ్ల తరబడి ఏడ్చిన తల్లిగా ఆమెను అందరం తలుచుకుంటాం. ఆ ఏళ్లలోనే మిలాన్‌లో అతనికి మంచి సంబంధం కూడా కుదిర్చింది. బాప్తిస్మమూ కావాలి, పెళ్లీ హోదా కూడా కావాలి. అతనికీ రెండు మనసులే. పవిత్రత ఇయ్యి ప్రభువా, ఇప్పుడే కాదు అని కుర్రతనంలో ప్రార్థించినట్టు తనే రాసుకున్నాడు. మనసు చేతిని కదలమంటే కదులుతుంది, తనను తాను కదలమంటే మాత్రం కదలదు, ఎందుకని అని ఆశ్చర్యపోయాడు. 386లో మిలాన్‌లో, ఒక తోటలో, ఆ పోరు ముగిసింది. మరుసటి ఏడు ఈస్టరుకు బాప్తిస్మం. అదే ఏడు మోనికా చనిపోయింది. తల్లి కుదిర్చిన సంబంధం మటుకు జరగలేదు.

మా ఆయన పాప పక్షమే. వాళ్లది నంద్యాల వైపు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు ప్రొటెస్టెంట్ సంఘాలు ఒకటై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మా జమ్మలమడుగు వాళ్లు అందులో కలిస్తే, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంప్రదాయం వాళ్లు, చాలామంది కలవలేదు. 1970ల్లో గాని వచ్చి చేరలేదు. "మా వాళ్లకు సరేననడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. వాళ్లను ఎవరైనా అవిశ్వాసులన్నారా? దానికి ఒక్క ఏడాది టైమ్ ఇవ్వలేవా?" అంటాడు. సంఘం సంగతి వేరు, బిడ్డ ఆత్మ సంగతి వేరు అని వాదించాను. వాదనలో నేనే గెలిచినట్టున్నాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

ద్విమనస్కుడు తన సమస్త మార్గములయందు అస్థిరుడని యాకోబు పత్రికలో ఉంది. ఆ మాట నేను కొట్టిపారేయలేను. రెండు మనసులతో బతకడం ఎంత అలసటో నాకు తెలుసు. అయితే మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో జబ్బు చేసిన కొడుకును తెచ్చిన తండ్రి ఉన్నాడు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడ్చాడు. ముందు నీ అపనమ్మకం వదిలించుకుని రా అని యేసు అతన్ని వెనక్కి పంపలేదు. పిల్లవాడు బాగయ్యాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసే కూడా "సాధ్యమైతే" అనే మొదలుపెట్టాడు, ఈ శ్రమల గిన్నె తొలగిపోవాలన్న తన కోరికను తండ్రి ముందు దాచలేదు. అది చెప్పాకే నీ చిత్తప్రకారమే కానిమ్మన్నాడు. మనసంతా ఒక్కటి చేసుకుని తీసుకెళ్లి అప్పగించడం ఎవరి వల్లా కాదనీ, చీలిన మనసును చీలినట్టే ఆయన చేతిలో పెడితే ఒక్కటి చేసేది ఆయనేననీ నేను నమ్ముతున్నాను. "నా హృదయమునకు ఏకదృష్టి కలుగజేయుము" అని దావీదు అడుక్కున్నది కూడా ఇందుకే కదా.

ఈ మాటే పాపతో చెప్పాను. సగంతోనే చెప్పొచ్చు తల్లీ, మిగతాది ఆయన చూసుకుంటాడు అన్నాను. శ్రద్ధగా విని, "మరి ఆ ప్రశ్నలో 'సగం' అని లేదు కదమ్మా" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

నాలాంటి తల్లులకు సలహా చెబుదామనే ఇది మొదలుపెట్టాను. పిల్లలను తొందరపెట్టకండి, వాళ్ల సందేహాన్ని తిరుగుబాటు అనుకోకండి అని రాయాలనుకున్నాను. కానీ నేను చూపేది ఓపికో, పిల్లతో గొడవ పడలేని పిరికితనమో నాకే తెలియడం లేదు. జమ్మలమడుగులోనే పెరిగి ఉంటే ఈపాటికి అందరితో పాటు మోకరించేది కదా అనిపిస్తుంది. మరుక్షణమే, అలా మోకరించిన నేను ఇన్నేళ్లకు ఎక్కడున్నానని కూడా అనిపిస్తుంది. ఈ రెండు ఆలోచనల్లో ఏది దేవుడు పెట్టిందో చెప్పలేను.

మా చర్చి పాదిరి వికార్ గారికి మెయిల్ పెట్టాం, ఈ ఏడు పేరు తీసేయమని. క్లాసులకు మాత్రం వస్తానని పాపే రాసింది. రాత్రి ప్రార్థనలో ఇప్పుడు కెమిస్ట్రీ గురించి కూడా దేవుడితో పైకే మాట్లాడుతున్నాను, దాని ఎదురుగానే. వద్దనుకుంటే మాన్పించు, కానీ నాకు చాలా ఇష్టం ప్రభువా అని. నిన్న అది ఆమెన్ అనలేదు, "ఇంకా సగమేనా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను.